వెనక్కి పరుగు



ఈ వారం కొంచెం వేరే సంగతి రాస్తున్నాను. మందిరం వెనక ఎండిపోయిన చెరువు నేలలో సాయంత్రాలు నేను పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తుంటానని మీలో చాలామందికి తెలుసు. "అయ్యగారికి ఈ వయసులో బంతాట ఎందుకో" అని సంఘంలో కొందరు పెద్దలు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. మా అనంతపురం జిల్లాలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ వాళ్ల స్పోర్ట్స్ విలేజ్ ఉంది. అక్కడ పచ్చటి మైదానాల్లో పిల్లలు ఆడుతుంటే చూసివచ్చిన మా ఊరి పిల్లలు, మాకూ నేర్పమని నా దగ్గరికి వచ్చారు. మాకు పచ్చిక లేదు. కంపచెట్లు నరికిన నేల, సున్నంతో గీసిన గీతలు, ఆనవాళ్లకు పాత చెప్పులు. అంతే మా మైదానం.

నేను ఎక్కువగా నేర్పేది గోలు కొట్టడం కాదు. అది వాళ్లు ఫోన్లో చూసి వాళ్లే నేర్చుకుంటారు. నేను నేర్పేది డిఫెండర్లకు, అందులోనూ ఒక్క సంగతి. బంతి మనల్ని దాటిపోయింది. ఎదుటి జట్టువాడు మన గోలు వైపు దూసుకుపోతున్నాడు. మన ముఖం ఇంకా ముందుకే ఉంది, ఆట మన వీపు వెనక నడుస్తోంది. అప్పుడు గిరుక్కున తిరిగి, బంతికీ మన గోలుకీ మధ్యలోకి చేరేదాకా పరిగెత్తాలి. ఆటలో దీన్ని రికవరీ రన్ అంటారు. మా పిల్లలు "వెనక్కి పరుగు" అంటారు. నేనూ ఇక అలాగే అంటాను.

ఈ పరుగుకు చప్పట్లు ఉండవు. వెనక పరుగు చప్పుడు విని ఫార్వర్డ్ తొందరపడి బంతిని బయటికి తన్నేస్తే, చూసేవాళ్లు "అయ్యో, మంచి అవకాశం పాడుచేశాడే" అంటారు గాని, పాడుచేయించింది ఎవరో చూడరు. పదిసార్లు పరిగెత్తితే తొమ్మిదిసార్లు ఏమీ జరిగినట్టే ఉండదు. అందుకే పిల్లలకు దీని మీద ఆశ పుట్టించడం కష్టం.

ఆశ పుట్టించడానికి నేనొక మ్యాచ్ చూపిస్తాను. 2014 ప్రపంచ కప్ సెమీఫైనల్, బ్రెజిల్‌లోని సావో పాలో నగరం, అర్జెంటీనాకూ నెదర్లాండ్స్‌కూ మధ్య. అక్కడ జూలై 9 సాయంత్రం. మనకు తెల్లవారితే 10, రాత్రి ఒకటిన్నరకు మొదలైంది. తొంభై నిమిషాలు అయిపోయాయి, ఇద్దరికీ గోలు లేదు. అదనంగా ఇచ్చిన ఒకటి రెండు నిమిషాల్లో నెదర్లాండ్స్ ఆటగాడు స్నైడర్ మడమతో బంతిని వెనక్కి తోశాడు. రాబెన్ దాన్ని అందుకుని పెనాల్టీ బాక్సులోకి వచ్చేశాడు. ముందు గోల్ కీపర్ ఒక్కడే. రాబెన్ లాంటి ఆటగాడికి అది అయిపోయిన పని. అప్పుడు పక్కనుంచి మాస్కెరానో వచ్చాడు. రాబెన్ కాలు వెనక్కి తీసి కొట్టబోయే క్షణానికి నేల మీద జారి కాలు అడ్డం పెట్టాడు. బంతి కార్నర్‌కు పోయింది.

ఆ మాస్కెరానో ఆ రోజు ఆడింది మిడ్‌ఫీల్డులో, డిఫెన్సు చివరి వరుసలో కాదు. మొదటి సగంలోనే గాల్లో ఎగిరినప్పుడు ఇంకొకరి తలకు తల కొట్టుకుని, కాళ్లు తేలిపోయి కింద పడ్డవాడు. మనిషి పొడవూ కాదు. రాబెన్ కంటే వేగమున్నవాడని ఎవరూ అనలేదు. అయినా చేరాడు. అర్జెంటీనా తర్వాత పెనాల్టీల్లో 4-2తో గెలిచింది. నాలుగు రోజులకు ఫైనల్లో జర్మనీ చేతిలో 0-1తో ఓడిపోయింది కూడా. ఆ సంగతీ పిల్లలకు చెబుతాను. వెనక్కి పరుగు కప్పు తెచ్చిపెడుతుందని నేను అబద్ధం చెప్పను.

ఆ ఒక్క సంఘటనను ఫోన్లో ఇరవైసార్లు ఆపి ఆపి చూపించాను. వేగంలో తక్కువవాడు ఎలా చేరాడు? మొదటి కారణం, అతను బంతి వెంట పడలేదు. రాబెన్ కొట్టబోయే చోటుకు పోయాడు. రెండో కారణం, తొందరపడి ముందే జారలేదు. ముందే జారి ఉంటే రాబెన్ పక్కకు తప్పించుకునేవాడు, లేదా పడిపోయి పెనాల్టీ తెచ్చుకునేవాడు. రాబెన్ ఇంకొక్క టచ్ తీసుకునేదాకా ఇతను కాళ్ల మీదే ఉన్నాడు.

ఈ మొదటి సంగతి నేర్పడానికే మాకు చెప్పులు కావాలి. గోలుకు ముందు, దగ్గరి పోస్టుకు రెండు అడుగుల దూరంలో ఒక చెప్పు పెడతాను. పెనాల్టీ కొట్టే చోట ఇంకొకటి. పక్క గీత దగ్గర ఓడిపోయిన డిఫెండర్ దగ్గరి పోస్టు చెప్పు వైపు పరిగెత్తాలి. మధ్యలో ఓడిపోయినవాడు పెనాల్టీ చోటు వైపు. బంతి ఎటుపోయినా సరే, ముందు చెప్పు వైపే. పిల్లలకు ఇది ఎంతకీ మింగుడుపడదు. కుక్క కుందేలు వెంట పడ్డట్టు బంతి వెంటే పడతారు. బంతి వెంట పడినవాడు ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటాడు. గోలు వైపు అడ్డదారి పట్టినవాడు ముందే చేరి కాచుకుని ఉంటాడు. మన ఊళ్లో మేక చేలోకి పోతుంటే దాని తోక వెంట పరిగెత్తే కాపరి ఉన్నాడా? గట్టు మీదుగా అడ్డం పోతాడు. ఈ మాట చెప్పాక మేకలు కాసే ఇద్దరికి మాత్రం ఒక్క రోజులో అర్థమైంది.

దానికి ముందు, తిరగడం నేర్పాలి. చాలామంది పిల్లలు తిరిగేటప్పుడు ఎద్దుల బండి తిప్పినట్టు పెద్ద చుట్టు చుడతారు. నాలుగు అడుగులు అక్కడే పోతాయి. వాళ్లను ముందుకు చూస్తూ వెనక్కి నడవమంటాను. నేను చప్పట్లు కొట్టగానే బంతి పోయిన వైపు కాలు వెనక్కి వేసి, నడుము తెరిచి, మూడు అడుగులు ప్రాణం పెట్టి పరిగెత్తాలి. మూడే. తర్వాత ఒకసారి భుజం మీదుగా చూడాలి: బంతి ఎక్కడ, మనిషి ఎక్కడ. చూసి మళ్లీ పరుగు. నేల చూపు చూస్తూ గుడ్డిగా పరిగెత్తిన వాడికి తన కాలికే బంతి తగిలి సొంత గోలులోకి పోతుంది. మాకు అలా రెండు గోలులు పడ్డాయి.

వేగం గురించి పిల్లలు అడుగుతారు. టోటెన్‌హామ్ జట్టు డిఫెండర్ వాన్ డె వెన్ 2024 జనవరిలో ఒక మ్యాచ్‌లో గంటకు 37.38 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తాడు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో కొలిచిన వేగాల్లో అప్పటికి అదే ఎక్కువ. అంటే సెకనుకు పది మీటర్ల పైన. "మాకు అంత వేగం యాడ వస్తాది అయ్యగారూ?" అన్నాడొకడు. రాదు. మా పిల్లలు సెకనుకు ఆరు మీటర్లు పోతే గొప్ప. కాని లెక్క చూడండి: బంతి పోయాక రెండు సెకన్లు నిలబడిపోతే పన్నెండు మీటర్లు పోయినట్టే. ఆ పన్నెండు మీటర్లు వాన్ డె వెన్ కాళ్లు ఇచ్చినా తిరిగి రావు. మేము వేగం పెంచలేం గాని, ఆ రెండు సెకన్లు మాత్రం మా చేతిలో ఉన్నాయి.

ఆ రెండు సెకన్లలో ఏం జరుగుతుందో చూడాలని ఒక సాయంత్రం నేను బంతిని చూడడం మానేసి, బంతి పోగొట్టుకున్నవాళ్ల ముఖాలు మాత్రమే చూశాను. ఒకడు నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. ఒకడు రెఫరీ లేకపోయినా "ఫౌల్" అని చెయ్యెత్తాడు. ఒకడు పాస్ తప్పు ఇచ్చినవాడి వైపు తిరిగి తిట్టాడు. ఎడమ వైపు ఆడే పిల్లవాడు మాత్రం వేరు. అతను ఏమీ చేయలేదు. తల దించుకుని నిలబడిపోయాడు.

ఆ పిల్లవాడిని అందరూ సోమరి అంటారు. సోమరి కాదు. తల్లిదండ్రులు బెంగళూరులో బిల్డింగు పనికి పోయారు, ఇక్కడ అవ్వ దగ్గర ఉంటాడు. తెల్లారక ముందే బోరు దగ్గరి నుంచి ఆరు బిందెలు మోస్తాడు. అలాంటివాడికి ముప్పై మీటర్ల పరుగు ఒక లెక్కా? అతను నిలబడిపోయేది కాళ్లు లేక కాదు. తప్పు జరిగితే కదలకుండా నిలబడి, తిట్లు అయిపోయేదాకా తల వంచుకోవాలని ఆ పిల్లవాడికి ఎక్కడో అలవాటైంది. ఇంట్లోనో, బడిలోనో, ఎక్కడైతేనేం. మైదానంలో కూడా తిట్ల కోసమే ఆగేవాడు. తిట్లు కూడా సరిగ్గా సమయానికి వచ్చేవి, పదిమంది నోళ్ల నుంచి.

అందుకని మా ఆటలో ఒక నియమం పెట్టాను. బంతి పోయాక ఐదు సెకన్ల పాటు ఎవరూ ఎవరినీ ఏమీ అనకూడదు. రెండే మాటలకు అనుమతి: "వెనక్కి", "నేనున్నా". ఇంకే మాట వచ్చినా ఆ జట్టు బంతిని ఎదుటివాళ్లకు ఇచ్చేయాలి. మొదటి వారం రోజూ గొడవే. నోరు మూసుకోవడం పరుగు కంటే కష్టమని అప్పుడు తెలిసింది. మూడో వారానికి ఎడమ వైపు పిల్లవాడు తల దించుకోవడం తగ్గింది. ఎవరూ తిట్టడం లేదు, మరి దేనికోసం ఆగాలి?

ఒక మాట పక్కకు పోయి చెబుతాను. పాత నిబంధన ప్రవక్తలు మనుషులను దేవుని వైపు రమ్మని పిలిచేటప్పుడు వాడిన హెబ్రీ మాట "షూబ్". దానికి మొదటి అర్థం తిరగడం, తిరిగి రావడం. కాళ్లతో చేసే పని అది. మనం మాత్రం దాన్ని ఏడ్చే పనిగా చేసుకున్నాం. కూడికల్లో ఎంతసేపు ఏడిస్తే అంత మారుమనస్సు అన్నట్టు కొలుస్తాం. కన్నీళ్లను నేను తక్కువ చేయడం లేదు. కాని నిలబడి ఏడ్చేవాడికీ, తిరిగి నడిచేవాడికీ మధ్య దూరం క్షణక్షణానికీ పెరుగుతుంది. సరే, ఇది ఆదివారం ప్రసంగం కాదు, మైదానానికి వస్తాను.

పీఈటీ మాస్టర్లు, కోచ్‌లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక విన్నపం. పరుగును శిక్షగా వాడకండి. "ఆలస్యమొచ్చావు, నాలుగు రౌండ్లు కొట్టు" అని మనకు అలవాటు. పిల్లవాడి మనసులో పరుగంటే శిక్ష అని పడిపోయాక, మ్యాచ్‌లో బంతి పోయినప్పుడు పరిగెత్తమంటే ఇంకో శిక్ష వేసినట్టే ఉంటుంది. నేను వెనక్కి పరుగులు ఒక సాయంత్రానికి ఆరో, ఎనిమిదో చేయిస్తాను. ఒక్కొక్కదానికి మధ్య నిమిషం పైగా విశ్రాంతి, నీళ్లు. అలసిపోయిన కాళ్లతో ముప్పైసార్లు చేయిస్తే నెమ్మదిగా పరిగెత్తడం నేర్చుకుంటారు, తొడ వెనక కండరం కూడా పట్టేస్తుంది.

ఇక అసలైన ఆట. దీన్ని మేము వారానికి రెండుసార్లు ఆడతాం. ముగ్గురు బంతితో గోలు వైపు వస్తారు. అడ్డంగా ఇద్దరే డిఫెండర్లు. మూడో డిఫెండర్ పది అడుగులు వెనక, బంతికి అవతలి వైపు నిలబడి ఉంటాడు. బంతి కదిలాక నేను చెప్పినప్పుడు బయలుదేరాలి. ముగ్గురికి ఇద్దరు చాలరు కదా. కాబట్టి ముందున్న ఇద్దరూ బంతి లాక్కోవాలని మీద పడితే ఆట రెండు సెకన్లలో అయిపోతుంది. వాళ్లు చేయాల్సింది ఒక్కటే: ఆలస్యం చేయించడం. పక్కకు తిరిగి నిలబడి, మెల్లగా వెనక్కి అడుగులు వేస్తూ, బంతి ఉన్నవాడిని గీత వైపు నెడుతూ, నాలుగు సెకన్లు సంపాదించడం. ఆ నాలుగు సెకన్లలో మూడోవాడు వచ్చేస్తాడు.

ఇది ఆడించీ ఆడించీ నాకు తెలిసిందేమంటే, వెనక్కి పరుగు ఒక్కడి పని కాదు. మూడోవాడు వస్తాడని నమ్మకం ఉంటేనే ముందున్న ఇద్దరు ఓపిక పడతారు. నమ్మకం లేకపోతే భయపడి మీద పడతారు. అలాగే, ముందున్నవాళ్లు ఓపిక పడతారని తెలిస్తేనే మూడోవాడు పరిగెత్తుతాడు. "ఎట్లాగూ అయిపోయింది, పోయి ఏం లాభం" అనుకున్నవాడు నడుస్తాడు. నడిచేవాడిని ఒకసారి చూశాక ముందున్నవాళ్లు ఇక ఆగరు. నమ్మకం ఇటు నుంచి అటు పోవాలి, అటు నుంచి ఇటు రావాలి. "నేనున్నా" అనే కేక ఇందుకే. దాన్ని పరిగెత్తేవాడు దూరం నుంచే వేయాలి, చేరాక కాదు.

చేరాక ఏం చేయాలో కూడా చెప్పాలి. పరిగెత్తి వచ్చిన ఊపులోనే వెనక నుంచి కాలు పెడితే చాలాసార్లు ఫౌలే. ఖాయమైన గోలు అవకాశాన్ని ఫౌల్ చేసి ఆపితే ఎర్ర కార్డు. 2016లో మార్చిన నియమం ప్రకారం పెనాల్టీ బాక్సు లోపల నిజంగా బంతి కోసమే ప్రయత్నించి తప్పితే పసుపు కార్డే, కాని పెనాల్టీ ఎలాగూ తప్పదు. అందుకని చివరి మూడు అడుగులు చిన్నవి చేయమంటాను. గోలు వైపుకు చేరాక నిలబడితే చాలు, సగం పని అయిపోయినట్టే. బంతి కాలికి దొరికితే పక్క గీత అవతలికి తన్నాలి. గోలు ముందు నుంచి అడ్డంగా మాత్రం తన్నకూడదు.

ఎడమ వైపు పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను.

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు అతను మైదానానికి రాలేదు. మర్నాడూ రాలేదు. లెక్కల్లో 27 వచ్చాయి, పాసవ్వాలంటే 35. నేను పోతే వాళ్ల అవ్వ వాకిట్లో కూర్చుని ఉంది. "నిన్నట్నుంచి అన్నం గూడా తినల్యా అయ్యా. లోపల గోడకు మొగం బెట్టి పండుకోనుండాడు. వాళ్ల నాయన ఫోన్ జేసినాడు, సదువు సాలు, పనికి రమ్మని" అంది. నేను లోపలికి పోయి ఏవో నాలుగు మాటలు చెప్పి, ప్రార్థన చేసి వచ్చాను. అతను కదలలేదు.

సాయంత్రం జట్టులో ముగ్గురు పిల్లలు నాకు చెప్పకుండానే వాళ్లింటికి పోయారు. ఏం మాట్లాడారో అవ్వే నాకు తర్వాత చెప్పింది. గోల్ కీపర్ పిల్లవాడు మంచం పక్కన నిలబడి, "రేయ్, ఐదు సెకన్లు ఎప్పుడో అయిపోయినాయి, లెయ్" అన్నాడట. అందరూ నవ్వారట. అతనూ నవ్వాడట. సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి గడువు ఎన్నాళ్లుందో వాళ్లే కనుక్కుని వచ్చారు.

నేను చేసింది వాళ్ల నాయనకు ఫోన్ చేయడం. "ఒక్క నెల ఆగు నాయనా, పరీక్ష రాయనీ. తర్వాత నీ ఇష్టం" అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన కష్టం ఆయనది. ఇద్దరి కూలితో ఇల్లు గడవక మూడో మనిషి చెయ్యి కోసం చూస్తున్నాడు. చివరికి "నెలే అయ్యగారూ" అన్నాడు. మా సంఘంలో డిగ్రీ చదువుతున్న అమ్మాయి రోజూ పొద్దున రెండు గంటలు లెక్కలు చెప్పింది. అవ్వ ఆ నెల నీళ్ల బిందెల్లో సగం తానే మోసింది. మేమంతా కలిసి చేసింది ఆలస్యం చేయించడమే. పరీక్ష వరకు పరిగెత్తింది మాత్రం అతనే. రాసి వచ్చాడు. ఫలితం ఇంకా రాలేదు.

మొన్న శనివారం పక్క ఊరి జట్టుతో ఆడి 1-2తో ఓడిపోయాం. రెండో గోలు మా ఎడమ వైపు నుంచే వచ్చింది. అతన్ని దాటి ఫార్వర్డ్ దూసుకుపోయాడు. అతను ఆగలేదు. తిరిగాడు, మూడు అడుగులు, భుజం మీదుగా చూపు, నేరుగా దగ్గరి పోస్టు వైపు. "నేనున్నా" అన్న కేక గట్టు మీద కూర్చున్న నాకు వినిపించింది. సమయానికి చేరాడు కూడా. కొట్టడానికి దారి లేక ఫార్వర్డ్ బంతిని మధ్యలోకి పంపాడు. అక్కడ వాళ్ల జట్టువాడు ఒక్కడే, ఖాళీగా. అటువైపు పోస్టు దగ్గరికి రావలసిన మా కుడి వైపు డిఫెండర్ ఇంకా సగం మైదానంలో నడుస్తున్నాడు.

సోమవారం నుంచి ఆ కుడి వైపు పిల్లవాడి పని మొదలుపెట్టాను. అటు పోస్టు దగ్గర ఇంకో చెప్పు పెట్టాల్సి వచ్చింది.